ఆదా అయిన గంట

ఊడ్చే మిషన్‌ని వెల్లకిలా తిప్పి ఒళ్లో పెట్టుకుని, దాని బ్రష్‌కి చుట్టుకుపోయిన వెంట్రుకల్ని చిన్న కత్తెరతో కత్తిరించి లాగుతోంది ఆమె. ఆదివారం పొద్దున. సోఫాలో భర్త తన ఆఫీసు స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో ఇంటి పటం చూపిస్తున్నాడు. మిషన్ ఏ గది ఊడ్చిందో, ఏ మూల వదిలేసిందో ఆకుపచ్చ గీతలుగా ఆ పటంలో పడుతుందట. "మా ఇంట్లో ఊడవడం నా డ్యూటీ. ఇదిగో, ఇక్కడ నొక్కితే చాలు, అయిపోయినట్టే," అన్నాడు. స్నేహితుడు నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే తర్వాత "నీకు జోకు కూడా అర్థం కాదు" అంటాడు. ఆ మిషన్ బయలుదేరే ముందు కుర్చీలు బల్ల మీదకి ఎక్కించేదెవరో, నేల మీద తీగలు ఏరేదెవరో, తిరిగొచ్చాక దాని పొట్టలోని దుమ్ము దులిపేదెవరో ఆ పటంలో పడదు.

"ఇల్లంతా ఇంత మోడరన్‌గా పెట్టాను గానీ, ఈవిడ మాత్రం ఆఫీసులో ఇంకా ఆ నల్ల తెర మీదే టకటకలాడిస్తుంది. మౌసు ముట్టదు. రాతియుగం!" అన్నాడు భర్త.

"నిజమా చెల్లెమ్మా? ఇంకా ఆ పాత ఎడిటరేనా? ఇప్పుడు ఎంత మంచివి వచ్చాయో!" అన్నాడు స్నేహితుడు.

"అది కాదన్నయ్యగారూ, నాకు..." అని ఆమె మొదలుపెట్టింది.

"అలవాటైపోయింది, అంతే. కొత్తది నేర్చుకోవాలంటే భయం," అని భర్త ఆ మాట పూర్తి చేసి, "కాఫీ ఇంకో కప్పు తాగుతావా?" అని స్నేహితుణ్ణి అడిగి ఆమె వైపు చూశాడు. ఆమె మిషన్ని పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

ఆమె చెప్పాలనుకున్నది అది కాదు. ఆమెకి భయం లేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఎడిటర్ అంటే రాతబల్ల లాంటిది. సగం బతుకు దాని ముందే గడుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, ఎక్కడో దూరాన తాళం వేసిన గదిలో ఉండే పెద్ద కంప్యూటర్ల మీద పనిచెయ్యాలంటే ఆ నల్ల తెర ఎడిటర్ ఒక్కటే దిక్కు. బొమ్మల్లేవు, రంగుల్లేవు, నొక్కడానికి బొత్తాల్లేవు. మొదటి రోజు అందులోంచి బయటికి ఎలా రావాలో తెలీక, కంప్యూటర్నే కట్టేసి ఇంటికి పారిపోయింది. తర్వాత మెల్లగా వేళ్లకి పట్టుబడింది. ఇప్పుడు ఏ వేలు ఏ మీట నొక్కుతోందో ఆమెకే తెలీదు. తెర నిండా తను రాసింది తప్ప ఇంకేమీ ఉండదు. ఏదీ మెరవదు, ఏదీ పిలవదు, తను ఆలోచిస్తూ కాసేపు ఊరుకుంటే అదీ ఊరుకుంటుంది.

ఈలోగా ఎన్ని కొత్త ఎడిటర్లు వచ్చాయో! ప్రతిదీ ఊరేగింపుతోనే వచ్చింది. ఇక ఇదే ఆఖరుది, దీని తర్వాత ఇంకోటి నేర్చుకోనక్కర్లేదు అన్నారు ప్రతిసారీ. దాని బొమ్మతో స్టిక్కర్లు పంచారు, కుర్రాళ్లు లాప్‌టాప్ మూతల మీద అతికించుకున్నారు. ఏడాదో రెండేళ్లో గడిచాక ఇంకోటి వచ్చేది. పాత స్టిక్కరు గోటితో గీకి కొత్తది అతికించేవాళ్లు. ఒకటి తెరుచుకునేలోపు వెళ్లి టీ తాగి రావచ్చు. ఇంకోటి ఇంటర్నెట్ పోయిన రోజున "మీరెవరు?" అని అడిగి లోపలికే రానివ్వలేదు. మరోటి ఉన్నట్టుండి తనంతట తనే మారిపోయి, పొద్దున్నే వచ్చేసరికి వస్తువులన్నీ వేరే చోట్ల సర్దేసి కూర్చుంది, మనం ఊరెళ్లొచ్చేలోపు ఆడపడుచు వచ్చి వంటిల్లు సర్దిపెట్టినట్టు. ఆమె ప్రతిదాన్నీ కొన్నాళ్లు వాడి చూసింది. చూసి, మళ్లీ తన నల్ల తెర దగ్గరికే వచ్చింది. భర్త ఏదీ వాడి చూడలేదు. ఇద్దరూ ఒకే ఏడు, ఒకే రకం ఉద్యోగంలో చేరారు. పాప పుట్టిన ఏడు ఆమె సెలవులో ఉన్నప్పుడు ఆయన మేనేజర్ అయ్యాడు. ప్రోగ్రామ్ రాయడం మానేశాకే ఆయనకి ప్రోగ్రాముల మీద అభిప్రాయాలు ఎక్కువయ్యాయి.

ఆమె ఆఫీసులో చేసే పని సిటీ బస్సులకి సంబంధించింది. ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, మళ్లీ ఎక్కేలోపు ఎంతసేపు విశ్రాంతి దొరకాలి, అన్నీ వాళ్ల ప్రోగ్రామే లెక్కవేసి పెడుతుంది. ఆ మర్నాడు టీమ్ లీడరు అందర్నీ గదిలోకి పిలిచాడు. ఆమె కంటే పదేళ్లు చిన్నవాడు. ఏ సంగతి చెప్పినా లాటరీ తగిలినట్టు చెబుతాడని చాటున అందరూ "హుషారు" అని పిలుచుకుంటారు.

"ఇది మామూలు ఎడిటర్ కాదు. మీరు సగం రాస్తే మిగతా సగం అదే రాసేస్తుంది. మీరు అనుకునేలోపే మీ ముందుంటుంది. ఎంత టైము ఆదా అవుతుందో ఊహించుకోండి!" అన్నాడు హుషారు. "నెలాఖరుకల్లా అందరూ ఇందులోకి వచ్చెయ్యాలి. అందరూ," అని రెండోసారి అన్నప్పుడు ఆమె వైపు చూశాడు. కుర్రాళ్లు కొందరు ముసిముసిగా నవ్వారు. స్టిక్కర్లు పంచారు. ఆమె తన స్టిక్కరు తీసుకుని సొరుగులో వేసింది.

వాడింది. మనస్ఫూర్తిగానే వాడింది. ఒప్పుకోవాల్సినవి ఒప్పుకుంది కూడా. వేల పేజీల కోడ్‌లో ఒక పేరు ఎక్కడెక్కడుందో వెతికి పెట్టడంలో అది గట్టిది. ఒక పేరు మారిస్తే అన్నిచోట్లా తప్పు లేకుండా మార్చి పెడుతుంది. గొడవంతా ఆ బూడిదరంగు అక్షరాలతోనే. ఆమె ఒక వాక్యం మొదలుపెట్టి ఒక్క క్షణం ఆగితే చాలు, కర్సరు ముందు బూడిదరంగులో మిగతాదంతా ప్రత్యక్షమయ్యేది. ట్యాబ్ మీట నొక్కితే అది నల్లబడి ఆమె రాసిందైపోతుంది. అప్పటికి ఆమె మనసులో ఆలోచన ఇంకా సగమే ముడిపడి ఉంటుంది. ఆ సగాన్ని పక్కన పెట్టి, వచ్చిందాన్ని చదివి, ఇది నేననుకున్నదేనా అని చూసుకుని, కాదని తుడిచి, మళ్లీ తన సగం దగ్గరికి వచ్చేసరికి అది అక్కడ ఉండేది కాదు. చుట్టాల్లో ఉన్నప్పుడు భర్త మాట అందుకున్నాక, తను నిజానికి ఏం చెప్పబోయిందో తనకే గుర్తుకి రానట్టు. ఒక్కోసారి అది రాసింది బాగానే ఉండేది. అదే ఇంకా చిరాకు. బాగానే ఉంది గనక కాదనడానికి కారణం దొరకదు.

పక్క సీటులో ఉన్న అమ్మాయిని అందరూ చిట్టి అంటారు. కాన్పు సెలవు ముగించుకుని ఈమధ్యే వచ్చింది. వచ్చిన కొత్తల్లో బాత్రూమ్‌లో తలుపేసుకుని పాలు పిండి పారబోసుకుని, కళ్లు కడుక్కుని వచ్చి కూర్చునేది. ఆ పిల్లకి మాత్రం కొత్త ఎడిటర్‌ని చూస్తే ప్రాణం లేచొచ్చినట్టు అయింది. బూడిదరంగు అక్షరాలు రావడం ఆలస్యం, టక్కున ట్యాబ్ నొక్కేది. అయిదయ్యేసరికి బ్యాగు భుజాన వేసుకుని, "వెళ్లొస్తానక్కా," అనేది.

"అదేం రాసిందో చదువుతున్నావా?" అని ఆమె ఒకరోజు అడిగింది.

"చదువుతాను, పైపైన," అంది చిట్టి. ఆ వెంటనే, "మీకేం అక్కా, మీకు ఆ నల్ల తెరలో సుఖం ఉంది. నాకు అయిదింటికి బయట పడటమే సుఖం. పాప నన్ను గుమ్మంలో చూడగానే ఎట్లా చేతులు చాపుతుందో మీకు తెలుసా?" అంది.

ఆమె తన తెర వైపు తిరిగింది. తన కూతురు చేతులు చాపిన రోజుల్లో తను గుమ్మంలోకి వచ్చేసరికి పిల్ల తిని పడుకునేది. అలాంటి మిషన్ ఏదైనా అప్పుడుంటే తనూ చదవకుండానే నొక్కేదేమో. ఆ సాయంత్రం బస్సులో నిలబడి వెళ్తూ, తన అనుమానం ఒక్కటే తెలివి కాదేమో అనుకుంది. మనిషిని ఇంటికి పంపే వస్తువుని మరీ అంతగా తప్పు పట్టకూడదనుకుంది.

అలా ఒక నెల గడిచింది. నెల తిరిగాక హుషారు మళ్లీ గదిలోకి పిలిచాడు. తెర మీద గీతలు పైపైకి పాకుతున్నాయి. "చూశారా! అందరూ ఎంత ముందే అయిపోగొడుతున్నారో! అందుకని ఈ విడత నుంచి పని కొంచెం పెంచుతున్నాం," అన్నాడు. కొంచెం అంటే ఇంచుమించు రెండింతలు. మీటింగ్ అయ్యాక ఆమె బల్ల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, కోడ్ బోలెడంత వస్తోంది కదా, విడుదలకి ముందు మీరొకసారి అన్నీ చూసి పెట్టండి. మీ కన్ను పడితే చాలు, నాకు ధైర్యం," అన్నాడు. అడిగిన తీరు ఎంత మర్యాదగా ఉందంటే, అది ఇంకొక మనిషి చెయ్యాల్సినంత పని అని ఆమెకి సాయంత్రానికి గానీ తట్టలేదు. గోడ మీది పెద్ద తెరలో ఎవరెంత రాశారో పట్టీలు పెరుగుతూ ఉండేవి. చదివినవాళ్లకి అందులో గడి లేదు. నలుగురు తిని లేచిన బల్ల తుడిచినట్టు ఆమె రోజంతా చదివి, దిద్ది, తిప్పి పంపేది. పట్టికలో ఆమె పట్టీ మాత్రం అందరికంటే పొట్టిగా ఉండేది.

ఇది ఆమెకి కొత్త కాదు. ఇంట్లో బట్టలుతికే మిషన్ వచ్చిన రోజు ఇంకా గుర్తే. అత్తగారు దాని చుట్టూ తిరిగి చూసి, "అమ్మయ్య, ఇక నీకు బట్టల పనే లేదు," అన్నారు. ఆ నోటితోనే, "ఖాళీయే కదా, సాయంత్రాలు మీ ఆడపడుచు పిల్లలకి లెక్కలు చెప్పకూడదూ?" అన్నారు. అంతకుముందు వారానికోసారి మారే దుప్పట్లు రోజు విడిచి రోజు మారడం మొదలైంది. ఉతికేది మిషనేగా. ఒకసారి తుడుచుకున్న తువాలు కూడా బుట్టలో పడేది. ఉతికేది మిషనేగా. తడిబట్టలు తీసి ఆరేసేది, మడతపెట్టేది, ఇస్త్రీ చేసేది, ఎవరివి వాళ్ల అలమరలో సర్దేది మిషన్ కాదన్న సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కొత్త మిక్సీ వచ్చినప్పుడు ఒక కూరకి తోడు ఇంకో రెండు రకాలు వచ్చాయి. "క్షణంలో పని" అనేవాడు భర్త, ఏ పనికైనా. అలాంటి క్షణాలు కుప్పపోస్తే ఆమె యవ్వనం మొత్తం అవుతుంది. ఇంత సుఖం ఇంట్లోకి వచ్చి పడుతున్నా తను కూర్చున్న గంట ఒక్కటి కూడా ఎందుకు గుర్తు రాదో ఆమెకి అర్థమయ్యేది కాదు. బహుశా తనకే పని చేసుకోవడం చేతకాదేమో అనుకునేది.

ఒక మధ్యాహ్నం చిట్టి రాసిన భాగం చదువుతోంది. డ్రైవరు ఒకసారి బస్సు దిగాక మళ్లీ ఎక్కేలోపు ఎంత విశ్రాంతి దొరికిందో లెక్కకట్టే భాగం. చూడ్డానికి ముచ్చటగా ఉంది. పేర్లు చక్కగా ఉన్నాయి, వరసలు తీరుగా ఉన్నాయి. రెండోసారి చదివినప్పుడు ఆమె వేలు ఒక వరస మీద ఆగింది. ఎక్కే వేళలోంచి దిగిన వేళ తీసివేసి, జవాబులో మైనస్ గుర్తు వస్తే దాన్ని తుడిచేస్తోంది ప్రోగ్రామ్. ఆమె కాగితం మీద వేసి చూసింది. రాత్రి పదింటికి, అంటే ప్రోగ్రామ్ లెక్కలో ఇరవై రెండు గంటలకి, దిగిన డ్రైవరు తెల్లారి అయిదింటికి ఎక్కాలి. నిజానికి మధ్యలో ఉన్నది ఏడు గంటలు. ప్రోగ్రామ్ ప్రకారం పదిహేడు. అర్ధరాత్రి రోజు మారుతుందన్న ధ్యాసే దానికి లేదు. సరిగా నిద్రపోని మనిషిని హాయిగా పడుకుని లేచాడని రాసి, బస్సెక్కించి పంపుతుంది. ఇది ఇంకా ఆఫీసు గడప దాటలేదు. దాటనందుకు ఆమె ఊపిరి పీల్చుకుంది.

చిట్టిని పక్కకి పిలిచి కాగితం చూపించింది. చిట్టి మొహం పాలిపోయింది. "నేను రాయలేదక్కా. అదే వచ్చింది. సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది, నొక్కేశాను. ఇదివరకు పైపైనైనా చదివేదాన్ని. ఇప్పుడు చదివే టైమెక్కడిది?" అంది. కాసేపు కాగితం వైపే చూస్తూ, "పాప పడుకున్నాకే వెళ్తున్నాను ఇంటికి. కొత్త మిషనేదో పనంతా చేసేస్తోందన్నావు కదా, మరి నువ్వెందుకు రావట్లేదు అని మా అత్తగారు అడిగారు నిన్న. ఏం చెప్పాలో తెలీలేదు," అంది. ఏడవలేదు. ఏడవడానికి కూడా అలసిపోయినట్టుంది.

"ఇద్దరం కలిసి దిద్దుదాం రా," అంది ఆమె. దిద్దారు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చాక అత్తగారి పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతోంది. "ఏవిటమ్మాయ్, పరధ్యానం? వేలు కోసుకుంటావు," అన్నారు అత్తగారు. ఏమనుకుందో, ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఎడిటర్ సంగతి, చిట్టి సంగతి, అయిదింటి సంగతి. అత్తగారికి సగం అర్థం కాలేదు. అయినా విన్నారు.

"నేను కాపరానికొచ్చినప్పుడు మా అత్తింట్లో రుబ్బురోలు ఉండేది," అన్నారు కాసేపటికి. "చేతులు పడిపోయేవి. మిక్సీ కొన్నప్పుడు అందరూ నాకు సుఖం అన్నారు. సుఖమే, కాదనను. కానీ రోలు దగ్గర కూర్చున్నంతసేపు నన్నెవరూ లేపేవాళ్లు కాదు. రుబ్బుతోంది, పిలవకండి అనేవాళ్లు. ఆ కాసేపూ నాలో నేను ఏదో అనుకుంటూ ఉండేదాన్ని. మిక్సీ వచ్చాక అది పోయింది. గిర్రున తిరిగి ఆగిపోతుందిగా, ఆగీ ఆగకముందే ఇంకో పని చెప్పేవాళ్లు."

ఆమె కత్తి ఆపి చూసింది. ఆ నల్ల తెర తనకెందుకు ఇష్టమో ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేకపోయింది. భర్తకి చెప్పబోయి ఆగిపోయింది, హుషారుకి చెప్పబోయి ఆగిపోయింది. కంప్యూటర్ ముట్టని మనిషి దాన్ని అలవోకగా చెప్పేసింది. అక్కడ ఉన్నంతసేపు తననెవరూ లేపరు. అంతే.

"మరి బట్టల మిషన్ వచ్చినప్పుడు నన్ను ఖాళీ అన్నారు కదత్తయ్యా?" అంది. కోపంతో కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

అత్తగారు తొక్కలు దగ్గరికి లాక్కుంటూ, "అన్నాను. మా అత్త నన్ను అన్న మాటే. ఆలోచించి అనలేదు, నోటికి అదే వచ్చింది," అన్నారు.

ఆ వారంలోనే హుషారు ఆమె దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కంపెనీ మొత్తం కూడే మీటింగ్ ఉంది, పెద్దాయన వస్తున్నారు, కొత్త ఎడిటర్ గురించి ఆమె మాట్లాడాలి. "వేరేవాళ్లు మాట్లాడితే మామూలు. మీరు మాట్లాడితే ఆ ఎఫెక్టే వేరు మేడమ్. నేనే మారాను, మీరు మారలేరా, అని ఒక్క ముక్క చాలు," అన్నాడు. స్లైడ్ కూడా తయారు చేసేశాడు. ఎడమ పక్క నల్ల తెర ముందు వంగి కూర్చున్న ఆమె పాత ఫోటో, కుడి పక్క రంగుల తెర ముందు నవ్వుతున్న కొత్త ఫోటో. అప్పుడు, ఇప్పుడు. కింద ఆమె చెప్పాల్సిన మాటలు. "ఆ సీనియర్ పోస్టు సంగతి కూడా తేలే టైము ఇది," అని లేస్తూ లేస్తూ అన్నాడు. ఆ పోస్టు కోసం ఆమె అడగడం మానేసి కూడా చాలా కాలమైంది.

ఇంట్లో చెబితే భర్త తల ఊపాడు. "చెప్పెయ్. నాలుగు మంచి మాటలేగా, నీదేం పోయింది? పోస్టు వస్తే మనకే కదా మంచిది," అన్నాడు. మనకే, అన్న మాట దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆయన అప్పటికే టీవీ వైపు తిరిగాడు.

మీటింగ్ రోజున పెద్ద హాలు నిండిపోయింది. ఆమె పేరు పిలిచారు. అప్పుడు, ఇప్పుడు ఫోటోలు తెర మీద పడగానే వెనక వరసల్లోంచి నవ్వులు, చప్పట్లు. ఆమె మైకు ముందు నిలబడింది. ఆఫీసులో ఎవరి కోడ్‌లోనైనా తప్పు చెప్పేటప్పుడు ఎంత నెమ్మదిగా ఉంటుందో అంత నెమ్మదిగా ఉంది.

"నేను చెప్పాల్సిన మాటలు తెర మీద ఉన్నాయి. వాటిలో అబద్ధం లేదు," అంది. "ఈ ఎడిటర్‌లో వెతకడం తేలికైంది. పేర్లు మార్చడం తేలికైంది. రాత కూడా తొందరగా అవుతోంది. మొదటి నెల మా టీమ్‌లో అందరికీ రోజూ ఒక గంట మిగిలింది. నేను కళ్లారా చూశాను. కొందరు ఆ గంటకి ఇంటికెళ్లారు. ఆ లెక్కల మీద నాకు అనుమానం లేదు. నాకు తెలియనిది ఒక్కటే. మిగిలిన ఆ గంట ఇప్పుడు ఎవరి దగ్గరుంది?"

ఎవరో జోకనుకుని నవ్వారు. ఆమె వాళ్లు నవ్వడం అయ్యేదాకా ఆగింది.

"నా దగ్గర లేదు. ఈ హాల్లో ఎవరి దగ్గరైనా ఉంటే చెయ్యెత్తండి."

ఎవరూ చెయ్యెత్తలేదు. ముందు వరసలో పెద్దాయన కాలు మీద కాలు మార్చి వేసుకున్నారు. మూడో వరసలో చిట్టి తల వంచుకుని కూర్చుంది, ఒళ్లో రెండు చేతులూ గట్టిగా పట్టుకుని. "అది తేలాక మిగతాది చెబుతాను," అని ఆమె మైకు దగ్గర్నుంచి వచ్చేసి కూర్చుంది.

"మంచి ప్రశ్న. విడిగా మాట్లాడుకుందాం," అన్నారు పెద్దాయన. తర్వాతి స్లైడ్ పడింది.

విడిగా ఎవరూ మాట్లాడలేదు. హుషారు మాత్రం నడవాలో ఎదురై, "మీ నుంచి ఇది ఊహించలేదు మేడమ్," అన్నాడు. "నేనూ ఊహించలేదు," అంది ఆమె. సీనియర్ పోస్టు వేరే టీమ్ నుంచి వచ్చిన ఒకతనికి వెళ్లింది. ఆ కబురు ఆమెకి ఎవరూ చెప్పలేదు. అతని పేరు కింద కొత్త హోదా పడితే తెలిసింది. భర్త రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగి, "నోటిదాకా వచ్చింది పోగొట్టుకున్నావు. ఎక్కడ ఏం మాట్లాడాలో తెలీదు నీకు," అన్నాడు. బాధ పడలేదంటే అబద్ధం. ఆ రెండు రోజులూ ఆమె స్నానం చేస్తూ, గిన్నెలు సర్దుతూ ఆ హాల్లో మాటలన్నీ మళ్లీ మళ్లీ చెప్పుకుని చూసింది. ఎన్నిసార్లు చెప్పుకున్నా తీసెయ్యాల్సిన మాట ఒక్కటీ దొరకలేదు.

"నా మూలాన మీకెందుకక్కా ఈ గొడవ?" అంది చిట్టి.

"నీ మూలాన కాదు. నేనే అడగాల్సింది, ఎప్పుడో," అంది ఆమె. "ఇదుగో, విను. ఇవాళ అయిదింటికి లేద్దాం. నువ్వొక్కదానివే లేస్తే పిల్లతల్లి పారిపోతోందంటారు. నేనొక్కదాన్నే లేస్తే ముసలమ్మకి ఓపిక లేదంటారు. ఇద్దరం లేస్తే ఏమంటారో చూద్దాం."

"మరి పని మిగిలిపోతుంది కదా?"

"మిగలనీ. ఇంత పని ఇన్ని గంటల్లో అవ్వదని వాళ్లకి తెలియాలంటే అది మిగిలి కనబడాలి. మనం కూర్చుని కూర్చుని కనబడకుండా చేస్తున్నాం."

అయిదైంది. ఇద్దరూ లేచారు. హుషారు తలెత్తి, "అప్పుడేనా మేడమ్?" అన్నాడు.

"అప్పుడే కాదండీ, అయిదైంది," అంది ఆమె.

మర్నాటి నుంచి ఇంకో పని కూడా చేసింది. ఎవరి కోడ్ చదవమన్నా, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పి, ఆ పనిని తన పేరు మీద గోడ మీది ఆ తెర బోర్డులో పెట్టమంది. గడి లేదన్నాడు హుషారు. గడి పెట్టాకే చదువుతానంది. వారం తిరక్కముందే గడి వచ్చింది. కొత్త ఎడిటర్‌ని తీసెయ్యలేదు, వెతకాల్సినప్పుడు తెరుస్తుంది. రాయడం మాత్రం నల్ల తెర మీదే. ఒకటి రెండు వారాలకి కిటికీ పక్క కుర్రాడు కూడా అయిదింటికి లేవడం మొదలుపెట్టాడు, తర్వాత ఇంకో ఇద్దరు. బోర్డు మీద మిగిలిపోయిన పని గుట్టలా కనబడసాగింది. వచ్చే విడతకి పని కొంచెం తగ్గిస్తున్నామని హుషారు చెప్పాడు. ఈసారి కొంచెం అంటే నిజంగా కొంచెమే. అయినా చిట్టి బస్సుకి పరిగెత్తే వేళకి ఇంకా వెలుతురు ఉంటోంది.

ఇద్దరూ అయిదింటికి లేచిన ఆ మొదటి రోజు, చిట్టిని బస్సెక్కించాక ఆమె వెళ్లాల్సిన బస్సు కూడా వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగింది. ఇంటికి వెళ్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ముందే వచ్చావా, మంచిదే అంటారు. ఆ వెనకే ఇంకో మాట వస్తుంది. ఆఫీసులో దక్కించుకున్న గంటని తన చేత్తోనే మోసుకెళ్లి వంటింట్లో అప్పజెప్పినట్టవుతుంది. వెనకవాళ్లు తోస్తుంటే పక్కకి తప్పుకుంది. బస్సు వెళ్లిపోయింది.

వీధి మలుపులో ఒక చిన్న కాఫీ హోటల్ ఉంది. ఎన్నో ఏళ్లుగా దాని ముందు నుంచే వెళ్తోంది గానీ లోపల ఎన్ని కుర్చీలున్నాయో కూడా తెలీదు. అద్దం పక్కన బల్ల చూసుకుని కూర్చుంది. కాఫీ చెప్పింది. బ్యాగులోంచి ఏమీ తియ్యలేదు. బయట స్కూలు పిల్లలు ఒకరి బ్యాగు ఒకరు లాగుతూ వెళ్తున్నారు, ఒక ముసలాయన కుక్కని నడిపిస్తున్నాడో కుక్కే ఆయన్ని నడిపిస్తోందో తెలీకుండా పోతున్నాడు. మొదట చేతులు ఏం చెయ్యాలో తెలీక బల్ల తుడవబోయాయి. ఆమె వాటిని కప్పు చుట్టూ పెట్టింది. కాసేపటికి అవి ఊరుకున్నాయి. ఎప్పుడో మొదలై సగంలో ఆగిపోయిన ఆలోచన ఏదో మెల్లగా తిరిగొచ్చి పక్కన కూర్చున్నట్టనిపించింది. తొందరేం లేదు, రానీ అనుకుంది.

ఫోను మోగింది. భర్త.

"ఎక్కడున్నావ్? ఆఫీసుకి చేస్తే అయిదింటికే వెళ్లిపోయావన్నారు."

"హోటల్లో కూర్చున్నాను. కాఫీ తాగుతున్నాను."

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"ఒంట్లో బాలేదా? ఏదైనా పనుండి ఆగావా?"

"ఒంట్లో బాగానే ఉంది. ఏ పనీ లేదు," అంది ఆమె. "ఏ పనీ లేకనే కూర్చున్నాను. రాత్రికి ఏం కావాలో మీరూ అమ్మాయీ చూసుకోండి. నేనొచ్చేసరికి కాస్త ఆలస్యమవుతుంది. రేపు కూడా."